కుడివైపు వయొలిన్

జూన్ 6, శనివారం

ఈ నెల రికార్డులు కొననని ఒకటో తారీఖున ఒట్టు పెట్టుకున్నాను. ఇవాళ ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను.

నా తప్పేం లేదు. వాన పట్టుకుంది. తలదాచుకుందామని, మేమంతా గొణుగుడు అని పిలిచే అతని రికార్డుల షాపులోకి దూరాను. బ్యాగులో గొడుగు ఉన్న సంగతి బయటికి వచ్చాక గుర్తొచ్చింది.

ఆ షాపు టైలరు కొట్టుకీ వాచీల కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాలి. రికార్డులన్నీ అట్టపెట్టెల్లో నిలబెట్టి ఉంటాయి. పెట్టెల మీద పాడినవాళ్ల పేర్లుండవు, అక్షరక్రమం ఉండదు. గొణుగుడు తన చేత్తో రాసి అంటించిన చీటీలుంటాయి. ‘జ్వరం తగ్గాక’, ‘బట్టలు మడతపెట్టేటప్పుడు’, ‘చుట్టాలు వెళ్లిపోయాక’, ‘ఆవిడ అలిగినప్పుడు’. ఏది కావాలన్నా అన్నీ తిరగెయ్యాల్సిందే. కావాలనుకున్నది ఎలాగూ దొరకదు. అక్కర్లేనిదేదో చేతికి తగులుతుంది. ఇంటికొచ్చి విన్నాక, ఇన్నాళ్లూ ఇది లేకుండా ఎలా ఉన్నానా అనిపిస్తుంది.

అతనికి ఇంకో తిక్క కూడా ఉంది. వినకుండా అమ్మడు. కొనేవాళ్లు నిలబడి ఒక వైపు పూర్తిగా వినాలి, వాళ్లతోపాటు షాపులో ఉన్నవాళ్లంతా వినాలి. మధ్యలో మాట్లాడితే అదోలా చూస్తాడు. ఆ చూపుకి మందుల షాపాయన ఒకసారి దగ్గు కూడా మింగేశాడు.

ఇవాళ ‘చుట్టాలు వెళ్లిపోయాక’ పెట్టెలో పియానో, వయొలిన్ కలిపి వాయించిన రికార్డు దొరికింది. వాయించినవాళ్లెవరో నేనెప్పుడూ వినలేదు. రెండో వైపు వేశాడు. కాసేపు పియానో ఒక్కటే తన మానాన తను నడుస్తుంది. ఉన్నట్టుండి వయొలిన్ వస్తుంది, ఎవరో తలుపు తోసుకుని వచ్చి, చెప్పులైనా విప్పకుండా కబుర్లు మొదలెట్టినట్టు. ఒళ్లు ఝల్లుమంది. కొనేశాను.

డబ్బులిస్తుంటే గొణుగుడు ఏదో అన్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. గొణుగుతాడనే కదా ఆ పేరు పెట్టాం. కానీ ఈమధ్య మరీ ఎక్కువైంది.

జూన్ 7

మా ఆయనకి పత్రిక అచ్చువేసే ప్రెస్సులో రాత్రి డ్యూటీ. పొద్దున్నే వచ్చి మధ్యాహ్నం దాకా నిద్ర. అందుకే ఇంట్లో నా సంగీతమంతా హెడ్‌ఫోన్‌లోనే.

కాఫీ పెట్టుకుని, కాళ్లు చాపుకుని, రెండో వైపు వేశాను. పియానో వచ్చింది. వయొలిన్ రాలేదు. పియానో ఏదో అడుగుతుంది, జవాబు కోసం ఆగుతుంది, మళ్లీ అడుగుతుంది. అవతల ఎవరూ లేరు.

మళ్లీ వేశాను. లేదు. మళ్లీ వేశాను. కాఫీ చల్లారిపోయింది.

గొణుగుడు మార్చేశాడు. షాపులో ఒకటి వినిపించి, కవరులో ఇంకొకటి పెట్టి ఇచ్చాడు. ఇన్నేళ్ల పరిచయం. అక్కా అక్కా అంటూనే ఎంత పని చేశాడు! శనివారం రానీ, చెప్తా అతని సంగతి.

జూన్ 10

నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకునే బ్యాంకు ఆవిడ ఇవాళ ఏడ్చింది.

"సందు దాటిపోతున్నా తిప్పరేంటమ్మా?" అని కసిరాను.

"తిప్పనా అని అడిగాను కదా మేడమ్. మీరు పలకలేదు" అంది.

అడిగిందట. రెండుసార్లు అడిగిందట. స్టీరింగ్ దగ్గర, నా కుడిపక్కన, మూరెడు దూరంలో కూర్చుని. గొంతు పీలగా ఉంటే ఆ తప్పూ నాదేనా? ఈ కాలం వాళ్లకి నోరు తెరిచి మాట్లాడటం రావడం లేదు. ఊరు ఊరంతా గొణుగుడే.

మా ఆయన భోజనాల బల్ల దగ్గర చోటు మార్చాడు. పెళ్లయినప్పటినుంచీ నా కుడిపక్క కూర్చునే మనిషి, ఇవాళ కంచం పట్టుకుని ఎడమపక్కకి వచ్చాడు. ఏమిటి విశేషం అంటే కిటికీ గాలి అన్నాడు. గాలి ఎటునుంచి వస్తుందో తెలుసుకోవడానికి ఈయనకి ఇన్నేళ్లు పట్టింది.

జూన్ 13, శనివారం

రాయడానికే సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను, చదివేది నేనేగా.

షాపు నిండా జనం. తిన్నగా వెళ్లి కవరు కౌంటరు మీద పడేశాను.

"ఏమయ్యా, ఏం అంటగట్టావు నాకు?"

"ఏమైందక్కా?"

"వయొలిన్ ఏది?"

"వయొలినా?"

"ఆ, వయొలినే. ఇక్కడ వినిపించిందేమిటి, నువ్వు ఇచ్చిందేమిటి? నేనేం నిన్నగాక మొన్న వచ్చినదాన్నా?"

మందుల షాపాయన చేతిలో రికార్డుతో అలాగే నిలబడిపోయాడు. గొణుగుడు కవరు అందుకున్నాడు. రికార్డు తీసి, చొక్కా అంచుతో తుడిచి, రెండో వైపు వేశాడు. పియానో నడిచింది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

వయొలిన్ వచ్చింది. తలుపు తోసుకుని, అచ్చం ఆ రోజులాగే వచ్చింది.

అందరూ నా వంక చూశారు. తల కొట్టేసినట్టయింది.

గొణుగుడు కౌంటరు మీదికి వంగి, కాస్త గట్టిగానే అన్నాడు. "అక్కా, ఇది పాత స్టీరియో. పియానోని పూర్తిగా ఎడమపక్క, వయొలిన్‌ని పూర్తిగా కుడిపక్క కూర్చోబెట్టేశారు. మీ హెడ్‌ఫోన్‌లో కుడిది పోయుంటుంది. ఇక్కడ రెండు స్పీకర్లు కాబట్టి అందరికీ అన్నీ వినబడతాయి."

హెడ్‌ఫోన్! అంతే కదా! ఈ మాత్రం నాకు తట్టలేదేం? బుద్ధి గడ్డి తిని నిన్ను అనేశానయ్యా అన్నాను. "మీరు కాక ఎవరంటారక్కా" అని టీ తెప్పించాడు. మందుల షాపాయన కూడా నవ్వాడు. ప్రాణం హాయిగా ఉంది.

జూన్ 14

కొత్త హెడ్‌ఫోన్ కొన్నాను. మంచిదే కొన్నాను.

జూన్ 15

కొత్తది కూడా చెడిపోయిందే అంటగట్టాడు ఆ హెడ్‌ఫోన్‌ల షాపువాడు. ఈ రోజుల్లో ఒక్క వస్తువు సరిగ్గా చేసి చావరు.

జూన్ 17

కళ్లజోడు సర్దుకునే హడావిడిలో హెడ్‌ఫోన్ తిరగేసి పెట్టుకున్నాను. కుడి చెవిది ఎడమ చెవికి వచ్చింది.

వయొలిన్ వచ్చింది.

పియానో పోయింది.

జూన్ 18

జలుబు. చెవిలో నీరు చేరి ఉంటుంది. ఆవిరి పట్టాను.

జూన్ 19

ఆవిరి.

జూన్ 20, శనివారం

షాపుకి వెళ్లలేదు. ఎండగా ఉంది. ఆవిరి పట్టాను.

జూన్ 22

నాలుగు రోడ్ల కూడలి. స్టీరింగ్ దగ్గర బ్యాంకు ఆవిడ. ఎడమవైపు చూశాను, ఖాళీగా ఉంది. కుడివైపు చూడలేదు. ఏదైనా వస్తే వినబడుతుంది కదా అనుకున్నాను. ఇన్నేళ్లూ అలాగే నడిచింది.

"పోనివ్వండి" అన్నాను.

పోనివ్వలేదు ఆవిడ. బ్రేకు తొక్కింది. కుడివైపు నుంచి పాల వ్యాను మా బంపరు ముందునుంచి రాసుకుంటూ పోయినంత పనైంది. దూరం నుంచీ హారన్ కొడుతూనే ఉన్నాడట. నేర్పేదాన్ని నేను, నేర్చుకునేది ఆవిడ. ఆవిడ విని ఆగింది.

వ్యాను డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు. "చెవుడా?"

రోడ్డు మీద అందరం అందరినీ అనే మాటే. నేనెంతమందిని అన్నానో లెక్కే లేదు. ఇవాళ మాత్రం దానికి జవాబు నా నోటిదాకా వచ్చింది.

ఇంటికి వచ్చి మా ఆయనని నిద్ర లేపాను.

"నాకు కుడి చెవి వినబడటం లేదండీ."

"తెలుసు" అన్నాడు, కళ్లు నులుముకుంటూ.

"ఎప్పటినుంచి తెలుసు?"

"నెల పైమాటే. మా ప్రెస్సులో ఆ మిషన్ల మోతకి సగం మందికి ఒక చెవే పనిచేస్తుంది. మనిషి తల తిప్పే తీరు చూస్తే చాలు. ఎవరికి ఏ పక్క నిలబడి చెప్పాలో మాకు అలవాటే."

"మరి నాకు చెప్పరేం?"

"చెప్పబోతే కయ్యిమన్నావు కదే. మీ గొంతే పెగలదు, మళ్లీ నా చెవిని అంటారా అన్నావు."

అన్నాను. గుర్తుంది. కిటికీ గాలి సంగతి కూడా అప్పుడు అర్థమైంది. బల్ల దగ్గరే కాదు, బజారులో నడిచేటప్పుడు కూడా ఈమధ్య ఈయన ఎడమపక్కకే వస్తున్నాడు. ఒక్క మాట అనకుండా నా చుట్టూ తిరిగి అటు వస్తున్నాడు.

ఏడ్చాను. ఎందుకు దాచారని తిట్టాను. మళ్లీ ఏడ్చాను. ఎడమపక్కనే కూర్చున్నాడు, పాపం, డ్యూటీ టైము అయ్యేదాకా.

జూన్ 23

చెవి డాక్టరు గారు చిన్న గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. ఎడమ చెవికి నొక్కుతూనే ఉన్నాను. కుడి చెవి వంతు వచ్చాక, ఇంకా మొదలు పెట్టలేదేమో అనుకుని చాలాసేపు కూర్చున్నాను.

నరం దెబ్బతిందట. ఉన్నట్టుండి కొందరికి అలా అవుతుందట. మొదట్లోనే వచ్చి ఉంటే కొంత ఆశ ఉండేదన్నారు. మందులు రాశారు, వాటి మీద మరీ ఆశ పెట్టుకోవద్దని కూడా అన్నారు. ఎడమ చెవి నిక్షేపంగా ఉంది, అద్దాలు చూసుకుంటూ తల తిప్పుకుంటూ ఉద్యోగం మానకుండా చేసుకోవచ్చన్నారు.

సంగీతం సంగతేమిటని అడుగుదామనుకున్నాను. మందుల చీటీ పట్టుకుని బయటికి వచ్చేశాను.

జూన్ 27, శనివారం

షాపుకి వెళ్లలేదు.

ఇంట్లో రికార్డు వేశాను. పియానో అడుగుతోంది, ఆగుతోంది. సగంలో తీసేశాను.

జూన్ 30

రికార్డులు ఇచ్చేస్తాను. తేల్చుకున్నాను. సగం సగం వినడానికి అవి గోడకి అడ్డంగా ఎందుకు? వినేవాళ్ల ఇంటికి పోతాయి. నాకేం బాధ లేదు. ఇంట్లో చోటు కూడా కలిసొస్తుంది.

ఒక్కోటీ తీసి తుడిచి పెట్టెలో సర్దాను. అన్నిటికంటే అడుగున నాన్నది దొరికింది. ఒక గాయని, క్లారినెట్టు, ఇంకో ఇద్దరు వాయించేవాళ్లు. నాన్న ఆదివారం గడ్డం గీసుకుంటూ వినేవాడు. "ఏంటి నాన్నా, అందరూ ఒకే బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నట్టుంది" అని వెక్కిరించేదాన్ని. "చోటు సరిపోయింది కదే" అనేవాడు. ఆయన పోయాక ఒక్కసారి కూడా వెయ్యలేదు. నాకు చప్పటి రికార్డులు నచ్చవు.

మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి చూశాడు.

"ఆలోచించుకున్నావా?"

"ఆలోచించుకున్నా."

"అయితే పెట్టె నేను మోస్తాలే."

వద్దంటాడేమో అనుకున్నాను. అననందుకు కోపం వచ్చింది.

జూలై 2

బ్యాంకు ఆవిడకి చెవి సంగతి చెప్పేశాను. గట్టిగా మాట్లాడమన్నాను. ఏ ముహూర్తాన అన్నానో గానీ, ఇవాళంతా ఒకటే కేకలు. "మేడమ్! ఎడమకి తిప్పుతున్నాను! మేడమ్! గేరు మారుస్తున్నాను!" రోడ్డున పోయేవాళ్లు బెదిరి పక్కకి తప్పుకుంటున్నారు. చిత్రమేమిటంటే, అరవడం మొదలెట్టాక ఆవిడ భయం పోయింది. బండి చక్కగా నడిపింది.

దారిలో రికార్డుల మాట వచ్చింది.

"ఫోనులో అన్ని పాటలూ ఊరికే వస్తాయి కదా మేడమ్!" అని అరిచింది.

"ఫోను నాకు నచ్చేవే ఇస్తుందమ్మా. నచ్చుతాయని నాకే తెలియనివి ఇవ్వాలంటే ఓ మనిషి కావాలి. నచ్చకపోతే పోట్లాడటానికి కూడా" అన్నాను.

అన్నాక గుర్తొచ్చింది, ఎల్లుండి అన్నీ ఇచ్చేస్తున్నానని.

జూలై 4, శనివారం

ఎక్కడ మొదలెట్టాలో తెలియడం లేదు.

మా ఆయన పెట్టె ఎత్తుకుని ఆ షాపులోకి అడుగుపెట్టడం ఇదే మొదటిసారి. మందుల షాపాయన ఎదురొచ్చాడు. ఇద్దరిలో ఎవరు వెనక్కి నడవాలో తేలక కాసేపు అలాగే నిలబడ్డారు.

"అమ్మడానికా?" అన్నాడు గొణుగుడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఎందుకక్కా? నా మీద కోపమా?"

నా చెవి సంగతి చెప్పాను. గబగబా చెప్పేశాను, ఏడుపు వచ్చేలోపు. అతను పెట్టె వంక చూశాడు. తర్వాత అన్నాడు.

"వినకుండా కొనను."

"నీ తిక్క నా దగ్గరా? ఇప్పుడే కదయ్యా చెప్పాను!"

"అమ్మేవాళ్లు కూడా ఒక వైపు వినాలి, గీతలెక్కడ పడ్డాయో చెప్పాలి. అందరికీ ఒకటే రూలు."

స్పీకర్లలో మందుల షాపాయన కొంటున్నది నడుస్తోంది. అందుకని కౌంటరు చివర ఉన్న రెండో మిషన్ మీద నా పెట్టెలోంచి ఒకటి తీసి వేశాడు. హెడ్‌ఫోన్ నా చేతికిచ్చాడు. ఏది తీశాడో చూడలేదు. వెళ్లిపోదామనుకున్నాను కూడా. కానీ మా ఆయన అప్పటికే స్టూలు లాక్కుని, పెట్టె ఒళ్లో పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చున్నాడు.

పెట్టుకున్నాను.

నాన్న రికార్డు.

గాయని వచ్చింది. ఆవిడ వెనకే క్లారినెట్టు వచ్చింది. ఇంకెవరు పోతారా అని చూస్తూ కూర్చున్నాను. డ్రమ్ములు వచ్చాయి. గిటారు వచ్చింది. ఎవరూ పోలేదు. నలుగురికి నలుగురూ ఒకే బెంచీ మీద, ఇరుక్కుని, అక్కడే ఉన్నారు.

హెడ్‌ఫోన్ తీసి తిరగేసి పెట్టుకున్నాను. అందరూ ఉన్నారు. మళ్లీ తిరగేశాను. ఉన్నారు. పిచ్చిదానిలా తిప్పుతూనే ఉన్నాను. షాపులో జనం పాట మానేసి నన్నే చూస్తున్నారని తర్వాత తెలిసింది.

"మోనో" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను.

"మోనోనే అక్కా. అంతా కలిపి ఒకటే. ఏ చెవికైనా అదే ఇస్తుంది."

"నాకు తెలియదా ఏమిటయ్యా! చప్పటిదని ఇన్నేళ్లూ వెక్కిరించింది నేనేగా!"

నవ్వు వచ్చింది, ఏడుపు వచ్చింది, ముక్కు కూడా కారింది. నాన్నా, చోటు సరిపోయింది నాన్నా. మందుల షాపాయన జేబురుమాలు ఇచ్చాడు. ఉతికి ఇవ్వాలి.

గొణుగుడు కావాలని ఆ రికార్డే తీశాడో, చేతికందింది తీశాడో తెలియదు. అడిగితే ఏదో గొణిగాడు. ఈసారి నిజంగానే గొణిగాడు, ఎడమ చెవికి కూడా వినబడలేదు.

తర్వాత కౌంటరు కిందనుంచి దుమ్ము కొట్టుకుపోయిన పెట్టె ఒకటి లాగాడు. ‘ఎవరూ అడగనివి’ అని రాసుంది. అన్నీ మోనో. ఆ పెట్టెని నేను కాలితో పక్కకి నెట్టిన రోజులున్నాయి. ఇవాళ నేల మీద చతికిలబడి ఒక్కోటీ తిరగేశాను. చీటీ చింపేసి, "ఇప్పుడేం రాయమంటారక్కా?" అని అడిగాడు. ‘ఒక చెవి చాలు’ అని రాయమన్నాను. రాశాడు.

బయటికి వస్తుంటే వెనకనుంచి కేకేశాడు. "అక్కా, మీ ఆంప్లిఫయర్ నేనమ్మిందే కదా. ముందువైపు, చివర్న, చిన్న బటను ఉంటుంది. ఎప్పుడైనా నొక్కారా?"

"దాన్నెందుకు నొక్కుతాను? అది నొక్కితే రెండు పక్కలూ కలిసి ముద్దయిపోతుంది."

"ఆ ముద్దే తినండి కొన్నాళ్లు" అన్నాడు.

మా ఆయన పెట్టె ఎత్తుకున్నాడు. తెచ్చినవాటి మీద ఇంకో నాలుగు చేరాయి. "దించుకుని వెళ్దామనుకుంటే పెంచుకుని వెళ్తున్నాం" అన్నాడు. నా ఎడమపక్కనే నడిచాడు, ఇంటిదాకా.

జూలై 5

ఆదివారం. ఆయనకి సెలవు.

ఆ బటను మీద దుమ్ము పేరుకుని ఉంది. గోటితో గీకాను. భయమేసింది. నొక్కకపోతే ఆశ అలాగే ఉంటుంది కదా అనిపించింది. అయినా నొక్కాను.

రెండో వైపు వేశాను. పియానో నడిచింది.

వయొలిన్ వచ్చింది. ఈసారి కుడివైపు తలుపులోంచి కాదు. పియానో పక్కనే, అదే బెంచీ మీద, కాస్త జరగమని వచ్చి కూర్చుంది. ముందంత గొప్పగా ఉందని అబద్ధం రాయను. గది చిన్నదైంది. కానీ ఇద్దరూ ఉన్నారు, ఒకరికొకరు జవాబు చెప్పుకుంటున్నారు.

ఆయన రెండు కప్పులతో వచ్చి, అలవాటుగా కుర్చీ ఎడమపక్కకి లాక్కుంటున్నాడు.

"అటు కాదండీ. కుడిపక్కకి రండి."

"అటు కూర్చుంటే నీకు వినబడదు కదే."

"మాట్లాడకండి. వినండి."

నా కుడి చెవి మీద హెడ్‌ఫోన్ ఊరికే ఉంది, దానికి పని లేదు. దాని గిన్నెని బయటికి తిప్పాను. ఆయన తల వంచి చెవి ఆనించాడు. గడ్డం గుచ్చుకుంది. పాట మొదటినుంచి వేశాను.

ఇన్నేళ్లలో నా సంగీతం ఆయన వినడం ఇదే మొదలు. పాపం, నిద్రపోతాడనుకున్నాను. వయొలిన్ రాగానే ఉలిక్కిపడ్డాడు. ఏదో అన్నాడు. కుడిపక్క కదా, నాకు వినబడలేదు. తర్వాత చెప్పమని సైగ చేశాను.

పాట అయిపోయి ముల్లు పైకి లేచింది. ఆయన లేచి, నా చుట్టూ తిరిగి, ఎడమపక్కకి వచ్చాడు.

"ఇంకో వైపు కూడా ఉంటుందా దీనికి?" అన్నాడు.

ఉందని చెప్పి రికార్డు తిరగేశాను. ఆయన మళ్లీ కుడిపక్కకి వెళ్లి కూర్చున్నాడు.